కర్నలు విలియము క్రాఫర్డు చరిత్రము

ఉత్తర అమెరికాలో నిపుడు ఒహాయో రాష్ట్రమనఁబడు ప్రదేశమున టైమాక్టీ యను వాఁగు కలదు. 1782 వ సంవత్సరము జూను 11 వ తేదిని ఆ వాఁగునకు సమీపమున డెలావేరులను ఆదిమజాతివారు విలియము క్రాఫర్డను కర్నలును స్తంభమునకుఁ గట్టి నిప్పుసెగలచేఁ జంపిరి. ఇతఁడు జార్జి వాషింగ్టనునకు ముప్పదియేండ్ల మిత్రుఁడు. వృత్తిచే భూమిని గొలుచు సర్వేయరు. అవసరము వచ్చినపుడెల్ల సైనికుఁడు. ఇతని మరణవృత్తాంతము మఱుసటి యేఁటనే ఫిలడెల్ఫియా నగరమున అచ్చుపడి దేశమెల్లఁ బ్రాఁకెను. ఆ చిన్న పుస్తకమును జదివినవారికిఁ గలుగు తలంపు ఒక్కటే. నిరపరాధియగు ఒక వృద్ధసైనికుని క్రూరజనులు హేతువు లేకయే చంపిరని. ఇంచుమించు రెండువందల యేండ్లవఱకు అమెరికా చరిత్రకారులలోఁ బలువురు ఈ పాఠమునే ప్రమాణముగాఁ గైకొనిరి. కాని, అందు నడిమిభాగము లోపించినదనియు, ఆ లోపము ప్రమాదముచేఁ గలిగినది కాదనియు, బుద్ధిపూర్వకముగాఁ జేయఁబడినదనియు తరువాతి పరిశోధనమున బయల్పడినది. తాళపత్రముల పాఠములను సరిచూచుట వృత్తిగాఁ గలవారికి ఈ విషయము పరాయిదిగాఁ దోఁపదని తలఁచి యీ పురుషుని చరిత్రమును నిచ్చట సంగ్రహించుచున్నాను.

మొదట నామములను గుఱించి యొక మాట. ఐరోపావారు పశ్చిమముగా ఓడనడపి హిందూదేశమును జేరితిమని భ్రమించి అచ్చటివారికి ఇండియనులని పేరుపెట్టిరి. ఆ భ్రాంతి తొలఁగినను పేరు తొలఁగలేదు. డెలావేరులను పేరును అట్టిదే. వర్జీనియా గవర్నరుగా నుండిన డెలావారు ప్రభువు పేరు ఒక నదికిఁ బెట్టఁబడెను. ఆ నదిపేరు దాని గట్టున వసించువారి కంటఁగట్టఁబడెను. వారు తమ్ముఁ దాము లెనాపీలని చెప్పుకొందురు. లోకమున రూఢియే బలవత్తరము గాన నేనును డెలావేరులనియే వ్రాయుదును.

క్రాఫర్డు 1722 లో వర్జీనియాలో జన్మించెను. తండ్రి చిన్ననాఁడే గతించెను. తల్లి స్టీవెన్సను అనునతనిని మఱల వివాహమాడుటచే నితనికి సవతితండ్రియు, సవతిసోదరులును గలిగిరి. 1744 లో హానా వాన్సు అను నామెను బెండ్లియాడి, నీలపర్వతములకుఁ బశ్చిమమున నున్న లోయలో వ్యవసాయము చేసికొనుచుండెను. ఆ ప్రాంతమంతయు ఫెయిర్‌ఫాక్సు ప్రభువుది. పొటోమాకు, రపహానకు నదుల నడుమ ఏఁబదిలక్షల యెకరములకు మించిన భూమి యొక్క మనుజునిదిగా నుండెను! దానిని ముక్కలు చేసి యమ్ముటకును, శిస్తునకిచ్చుటకును గొలుచువారు కావలసివచ్చిరి. 1748 లో ఆ పనికై వచ్చిన బృందములోఁ బదునాఱేండ్ల వాషింగ్టను ఉండెను. మఱుసటి సంవత్సరము అతఁడు కల్పెపరు మండలమునకు సర్వేయరుగా నియమింపఁబడెను. క్రాఫర్డునకును అతనికిని బరిచయమీ కాలముననే కలిగినది. క్రాఫర్డు పదియేండ్లు పెద్దవాఁడయ్యు, కొలతవిద్యను ఈ బాలుని సాహచర్యముననే నేర్చినట్లు తెలియుచున్నది. వయస్సుచే శిష్యుఁడు పెద్దయు గురువు చిన్నయు నగుట మన సంప్రదాయమున నెఱుఁగని విషయము గాదు.

ఆ కొలత యెట్టిదో కొంచెము చెప్పవలయును. గంటరను ఆంగ్లేయ గణితజ్ఞుఁడు 1620 ప్రాంతమున నిర్మించిన గొలుసు అఱువదియాఱడుగుల పొడవు, నూఱు కడియములు గలది. అట్టివి ఎనుబది గొలుసులైనచో మైలు. పది చదరపు గొలుసులైనచో ఎకరము. దశాంశగణితమును, ఆంగ్లేయుల పాఁతకొలతలను ఒక్క యినుపతీఁగెలో బంధించిన ఈ యుపాయము నిజముగా శ్లాఘ్యము. అడవులలోను మిట్టపల్లములలోను ఆ గొలుసు నీడ్చుట కష్టము గాన వర్జీనియావారు దానిలో సగమును, అనఁగా ముప్పదిమూఁడడుగుల గొలుసును వాడుచుండిరి. తెలంగాణమున ఎకరములో నలువదవ పాలైన గుంటకుఁ బ్రతిపార్శ్వమును ముప్పదిమూఁడడుగులే యగుటను ఇచ్చటి పఠితలు గమనింతురు గాక. సర్వేయరు దిక్సూచిని గఱ్ఱపై నిలిపి దిక్కు చూచును. ఇద్దఱు గొలుసు లాగుదురు. ఒకఁడు గొడ్డలితో దారి చేయుచు మూలలయందలి చెట్లకు గంటులు పెట్టును. తరువాత నా చెట్లపేళ్లును, దిక్కులును, గొలుసుల సంఖ్యయుఁ గాగితమున కెక్కును. మఱ్ఱిచెట్టు మొదలుకొని పుట్టవఱకు, పుట్ట మొదలుకొని వాఁగువఱకు అని మన దానశాసనములలో నెల్లలు చెప్పు రీతియే యిది. భేదమొక్కటి కలదు. మన శాసనములలో నెల్లలు చెప్పునపుడు ఊరివారు సాక్షులుగా నుందురు. అచ్చట నా నేలలో వేఁటాడువారికిఁ దెలియకుండుటయే కొలుచువానికి క్షేమము. అందుచేతనే ఆదిమజాతులవారు దిక్సూచికి భూచోరమని పేరుపెట్టిరని చెప్పుదురు.

1754 లో ఒహాయోనదీప్రాంతమునుగూర్చి ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని యుద్ధము పుట్టెను. సైన్యమునఁ జేరువారికి ఆ నదీతీరమున రెండులక్షల యెకరములు పంచియిత్తునని వర్జీనియా పాలకుఁడు డిన్విడ్డీ ప్రకటించెను. ఈ ప్రకటనయే తరువాతి కథకెల్ల మూలము. 1758 లో ఫోర్బ్సు సేనాపతి డ్యూకేను దుర్గముమీఁదికి నడచినపుడు వాషింగ్టను వర్జీనియాదళమునకు నాయకుఁడు. క్రాఫర్డు ఆ దళముననే యుండెను. నవంబరు నెలలో ఫ్రెంచివారు దుర్గమును దామే కాల్చి వెడలిపోయిరి. దాని స్థానమున పిట్టు దుర్గమును, దానిచుట్టు పిట్సుబర్గు నగరమును వెలసెను.

గెలిచినవారికి నేల వెంటనే దొరకలేదు. 1763 లో పాంటియాకు మొదలగు నాయకులక్రింద ఆదిమజాతులు తిరుగఁబడఁగా, ఇంగ్లాండు రాజు అక్టోబరు 7 వ తేదిని అపలాచియను పర్వతములకుఁ బశ్చిమమున నెవ్వరును నివసింపరాదని శాసించెను. ఆ శాసనము కాగితముననే నిలిచెను. రెండేండ్లు గడవకమునుపే క్రాఫర్డు కొండలు దాఁటి, యాఘియోగెనీ నదిపై స్టీవర్టురేవను చోట దుంగలతో నిల్లు గట్టి, 1766 నాఁటికి భార్యాబిడ్డల నచ్చటఁ జేర్చెను. శాసనమును ధిక్కరించినది యొక్క క్రాఫర్డే కాదు. అట్టివారు వందలకొలఁది గలరు. అయినను ఇతని విషయమున మనకొక విశేషసాక్ష్యము దొరకుచున్నది.

1767 సెప్టెంబరులో వాషింగ్టను ఇతనికొక లేఖ వ్రాసెను. దాని తాత్పర్యమిది: రాజశాసనము దేశీయుల మనస్సులను శాంతపఱచుటకై చేసిన తాత్కాలికోపాయముగా నాకుఁ దోఁచుచున్నది, కొన్ని యేండ్లలో నది తప్పక తొలఁగిపోవును, ఇపుడు మంచినేలలను వెదకి గుఱుతుపెట్టుకొననివానికి మఱల నవకాశము దొరకదు, నీవు వెదకుము, కొలతకును పట్టాలకును అగు వ్యయము నేను భరించి నీకుఁ దగినపాలు నిత్తును, విషయము రహస్యముగా నుంచి, వేఁటకుఁ బోవు నెపమునఁ బని జరుపుము. క్రాఫర్డు పదునైదు దినములలోపలనే సంతోషముతో నంగీకరించుచుఁ బ్రత్యుత్తరము వ్రాసెను. ఈ రెండు లేఖలును నేఁటికి నిలిచి, అచ్చుపడి యున్నవి. వాషింగ్టను గుణములను గీర్తించు గ్రంథములు మన భాషయందును గలవు. ఆ గుణములను గాదనువాఁడను గాను. కాని రాజశాసనము నతిక్రమించుటకు వేఁట నెపముగా నుపదేశించినవాఁడును ఆ మహాపురుషుఁడే యని చరిత్రకారుఁడు దాఁచరాదు. ఆ యుపదేశమునకుఁ జెల్లవలసిన మూల్యమును దరువాతఁ జెల్లించినవాఁడు మఱియొకఁడు.

1768 నవంబరులో స్టాన్‌విక్సు దుర్గముకడ నొక సంధి జరిగెను. ఇరొక్వాయిలని ప్రసిద్ధులైన ఆఱుజాతుల సమాఖ్యవారు ఒహాయోకు దక్షిణమున నున్న విశాలభూభాగమును ఇంగ్లాండు రాజునకుఁ గ్రయమున కిచ్చిరి. కాని, ఆ భూమిలో వేఁటాడి బ్రదుకువారు ముఖ్యముగా షానీలు, డెలావేరులు, మింగోలు. ఇరొక్వాయిలు తమ పూర్వవిజయములను జెప్పుకొని దానిపై నాధిపత్యమున్నదనిరి. దానమనఁగా తన స్వత్వమును వదలుకొని పరుని స్వత్వమును గలిగించుట యని వైయాకరణులు నిర్వచింతురు. అందుచేతనే రజకునికి వస్త్రము నిచ్చినచో నది దానము గాదనియు, అచ్చటఁ జతుర్థి చెల్లదనియు వాదింతురు. స్వత్వమే లేనివాఁడు ఇచ్చినదానికి ఏ విభక్తి చెల్లునో వారు చెప్పలేదు. అట్టి ప్రయోగము వారికిఁ దటస్థింపలేదు కాఁబోలు. షానీలు ఆ సంధి నెన్నఁడును అంగీకరింపలేదు. వర్జీనియావారికి మాత్రము అడ్డు తొలఁగినట్లయ్యెను.

1770 అక్టోబరులో వాషింగ్టను స్వయముగా స్టీవర్టురేవునకు వచ్చి క్రాఫర్డు నింట విడిసెను. పిమ్మట నిరువురును, వైద్యుఁడు క్రెయికు మొదలగువారును పిట్టు దుర్గమునుండి దోనెలలో ఒహాయోనదివెంట గ్రేటు కనావా నదీసంగమమువఱకుఁ బోయిరి. త్రోవలో సెనెకాజాతి నాయకుఁడు గయాసూటా వేఁటకై విడిసియుండి వీరిని గౌరవించి, అడవియెద్దు మాంసమును గానుకగా నొసఁగెను. ఇతఁడు పదునేడేండ్లకు ముందు వాషింగ్టను ఫ్రెంచివారికడకు రాయబారము వోయినపుడు వెంట నుండినవాఁడు. వర్జీనియావారితో మైత్రి తమకుఁ గావలయునని మఱునాఁడు ప్రసంగించెను. ఆ మర్యాదలచేఁ బ్రయాణమాలస్యమయ్యెనని వాషింగ్టను దినచర్యలో విసుగుకొనెను. కొన్ని దినములకు సంగమమును జేరి, రెండు మేపులుచెట్లకును ఒక ఎల్ముచెట్టునకును మఱియొక చెట్టునకును గంటులు పెట్టి, సైనికుల భూమి కది మూల యని నిర్ణయించిరి. మాంసమొసఁగిన చేతికిని, గంటుపెట్టిన గొడ్డలికిని నడుమఁ గొలఁదిదినములే యంతరము.

మఱుసటి యేఁట క్రాఫర్డు ఆ తీరముల ఖండములను గొలిచెను. డిన్విడ్డీ వాగ్దానము చేసిన రెండులక్షల యెకరములలోఁ దన భాగమును, ఇతరసైనికులయొద్దఁ గొన్న హక్కులును గలసి వాషింగ్టనునకు ఇరువదివేల యెకరములకు మించి సంక్రమించెను. ఆ ఖండములు నదివెంబడి పొడవుగా, వెడల్పు తక్కువగా నుండి, మంచినేలనంతయు లోఁగొని కొండలను వదలుచుండెను. ఈ యన్యాయమును ఇతరభాగస్థులు కొందఱు గుర్తింపకపోలేదు. అంతకంటెఁ దమాషాయైన తగవు 1775 లోఁ బుట్టెను. వర్జీనియాలో సర్వేయరులకు విలియము-మేరీ కళాశాలవారు యోగ్యతాపత్రము లీయవలెనని నిబంధన గలదు. క్రాఫర్డు విధిప్రకారము యోగ్యతఁ బొందలేదు గాన నతఁడు కొలిచిన భూముల పట్టాలు చెల్లవని గవర్నరు డన్‌మోరు తలఁచుచున్నాఁడని వాషింగ్టను వినెను. భయపడి వెంటనే గవర్నరునకు వ్రాసెను. అంతలో విప్లవమువచ్చి గవర్నరే పరుగెత్తవలసినవాఁడయ్యెను.

క్రాఫర్డు నివసించిన ప్రాంతము తమదేయని పెన్సిల్వేనియావారును వర్జీనియావారును గూడ వాదించుచుండిరి. ఇతఁడు మొదటఁ బెన్సిల్వేనియా పక్షమున న్యాయాధికారిగా నుండి, 1773 లో వెస్టుమోర్లండు మండల న్యాయసభకు అధ్యక్షుఁడయ్యెను. తరువాత డన్‌మోరు పక్షమును జేరఁగా 1775 లోఁ బెన్సిల్వేనియావారు తొలఁగించిరి. వర్జీనియావారు యాఘొగేనియా యని క్రొత్తమండలమును గల్పించి దానికి సర్వేయరుగా నియమించిరి. ఎల్లలు తీర్మానమైన పిమ్మట ఆ మండలము దేశపటమునుండియే మాయమయ్యెను. ఎల్లలు నిర్ణయించుటయే వృత్తిగాఁ గలవాని యిల్లు ఏ రాజ్యములోనిదో తేలకుండుట విధివిలాసము.

1774 లో ఎల్లోక్రీకు అనుచోట మింగో నాయకుఁడు లోగను బంధువులను తెల్లవారు చంపుటచే యుద్ధము రేఁగెను. డన్‌మోరు పేర వ్యవహరింపఁబడు నీ యుద్ధమున క్రాఫర్డు వీలింగు అనుచోట దుర్గము కట్టించెను. షానీలు సంధికి లోఁబడిన పిమ్మట, లోఁబడని మింగోలపైకి నితఁడు రెండువందల నలువదిమందితో నడచి, నేఁడు కొలంబసు నగరమున్న ప్రాంతమున వారి గ్రామమును నాశనము చేసి, కొందఱిని జంపి, కొందఱిని బందీలుగాఁ దెచ్చెను. ఒహాయో కావలినుండి యతని పేరు విన్నవారికి ఇది మొదటి పరిచయము.

స్వాతంత్ర్యయుద్ధమున 1776 లో వర్జీనియా ఐదవ దళమునకు లెఫ్టినెంటు కర్నలును, పిమ్మట ఏడవ దళమునకుఁ గర్నలును అయ్యెను. ఆ యుద్ధములను విస్తరింప నక్కఱలేదు. తూర్పుతీరపు రణములలో నితఁడు పలువురిలో నొకఁడు. పశ్చిమసీమకు మఱల వచ్చిన పిదప జరిగినవే మనకు ముఖ్యములు. 1778 ఫిబ్రవరిలో హాండు సేనాని సుమారు ఐదువందలమందితోఁ బోయి, శత్రువులు దొరకక, స్నేహముగా నుండిన డెలావేరుల కుటుంబములపైఁ బడెను. చిక్కినవారు స్త్రీలే యగుటచే తెల్లవారే ఈ దండయాత్రకు స్త్రీపేరు పెట్టి యెగతాళి చేసిరి. చంపఁబడినవారిలో డెలావేరునాయకుఁడు పైపు అనువాని సోదరుఁ డుండెను. ఆ సేనలో క్రాఫర్డు ఉండెను. ఇంతజరిగినను ఆ సంవత్సరము సెప్టెంబరు 17 వ తేదిని పిట్టు దుర్గమున అమెరికాసంయుక్తరాష్ట్రములు డెలావేరులతో సంధి చేసికొనెను. ఆదిమజాతితో ఆ రాజ్యము వ్రాఁతమూలముగాఁ జేసికొన్న మొదటిసంధి యిదియే. డెలావేరుల ప్రదేశము మున్ముందు ఒక రాష్ట్రముగాఁ జేరవచ్చునని యందుఁ జెప్పఁబడెను. సంతకము చేసిన మువ్వురిలోఁ బైపు ఒకఁడు, వైటైసు ఒకఁడు. నవంబరులో వైటైసును అమెరికా సైనికులే చంపి, మశూచిచేఁ జచ్చెనని ప్రకటించిరి. పైపు కొంతకాలమున కాంగ్లేయుల పక్షమును జేరి సాండస్కీనదీప్రాంతమునకుఁ దరలిపోయెను.

ఇఁక గ్నాడెన్‌హుట్టెను కథ. మొరేవియను మతబోధకుల మూలమునఁ గ్రైస్తవులైన డెలావేరులు యుద్ధమున నేపక్షమునఁ జేరక అచ్చట సేద్యము చేసికొనుచుండిరి. 1781 లో వారిని ఆంగ్లేయపక్షమువారు సాండస్కీకిఁ దరలించిరి. ఆ చలికాలమునఁ దిండిలేక, విడిచివచ్చిన మొక్కజొన్నకంకులను గోసికొనుటకై కొందఱు తిరిగి వచ్చిరి. డేవిడు విలియమ్సను నాయకత్వమునఁ బెన్సిల్వేనియా స్వచ్ఛందసైనికులు వారిని నమ్మించి, ఆయుధములఁ దీసికొని, బంధించి, చంపవలెనా వలదా యని తమలోఁ దాము వోటులు తీసికొనిరి. వలదన్నవారు పదునెనిమిదిమందికి మించలేదు. చంపఁబడనున్నవారు ఆ రాత్రియెల్లఁ బ్రార్థనలలో గడపిరి. 1782 మార్చి 8 వ తేదిని ఇరువదియెనమండ్రు పురుషులు, ఇరువదితొమ్మండ్రు స్త్రీలు, ముప్పదితొమ్మండ్రు పిల్లలు, మొత్తము 96 మంది కొయ్యసుత్తులతోఁ గొట్టి చంపఁబడిరి. ఇద్దఱు బాలురు తప్పించుకొనిరి. చంపినవారి కే శిక్షయు విధింపఁబడలేదు.

కారన్‌వాలిసు అప్పటికే యార్కుటౌనులో లొంగిపోయి యైదునెలలయ్యెను. (ఆ కారన్‌వాలిసే 1786 లో మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చి, 1793 లో వంగదేశమున శాశ్వతపు పైసలా చేసినవాఁడు, ఆ పద్ధతి 1802 మొదలు ఉత్తరసర్కారులకును వ్యాపించెను.) తూర్పున యుద్ధము ముగిసినట్లే యుండినను పశ్చిమసీమలో ముగియలేదు. సాండస్కీ గ్రామములను నిర్మూలించుటకై మే 25 వ తేదిని సుమారు ఐదువందలమంది స్వచ్ఛందులు గుఱ్ఱములపై బయలుదేఱిరి. వారు నాయకుని వోటులచే నెన్నుకొనిరి. క్రాఫర్డునకు 235, విలియమ్సనునకు 230 వచ్చెను. ఐదువోటులు! ఆ యైదుగురు మఱియొకపక్షమునఁ బడినచో స్తంభమునకుఁ గట్టఁబడువాఁడు వేఱుగా నుండెడివాఁడేమో. ఓడిన విలియమ్సను ఉపనాయకుఁడుగా వెంట వెడలెను. క్రాఫర్డు అఱువదియేండ్లకు సమీపించినవాఁడు. పోనిచ్చగింపలేదనియు, పిట్టు దుర్గాధిపతి ఇర్విను మొదలగువారి ప్రేరణచే నొప్పుకొనెననియుఁ జెప్పుదురు. బయలుదేఱుటకుఁ బూర్వము మే 16 వ తేదిని మరణశాసనము వ్రాసి యుంచెను. కొడుకు జాను, అల్లుఁడు విలియము హారిసను, తన పేరే గల సోదరపుత్రుఁడు వెంట నుండిరి.

రహస్యముగాఁ బోవుచున్నామని వీరు తలఁచిరి. వీరు బయలుదేఱినది మొదలు ఎదిరివేగులు కనిపెట్టుచునే యుండిరి. జూను 4 వ తేదిని సాండస్కీమైదానమున యుద్ధమయ్యెను. మఱునాఁడు షానీలు వచ్చి చేరఁగా అమెరికావారు ఆ రాత్రి వెనుకకుఁ దఱలిరి. తఱలుట పాఱుటగా మాఱెను. చీఁకటిలోఁ గొడుకును అల్లునిఁ బేరుపెట్టి పిలుచుచు వెదకుటలోఁ గ్రాఫర్డు సేననుండి విడిపోయెను. విలియమ్సను పెక్కుమందిని గూడఁగట్టుకొని యిల్లుచేరెను. డెబ్బదిమంది ప్రాంతమున మడిసిరి. కొడుకు తప్పించుకొనెను, అల్లుఁడును సోదరపుత్రుఁడును షానీలచేఁ జిక్కి చంపఁబడిరి. క్రాఫర్డును వైద్యుఁడు జాను నైటును జూను 7 వ తేదిని డెలావేరులచేతఁ బడిరి.

టైమాక్టీకడ జరిగినది కేవలము హింస కాదు. దానికి ముందు విచారణ జరిగెను. పైపు సభవారియెదుట నిలిచి, వీఁడు గ్నాడెన్‌హుట్టెనునఁ జంపినవారికి నాయకుఁడై వచ్చినవాఁడనియు, 1778 లోఁ దన కుటుంబముపైఁ బడినవారిలో నుండినవాఁడనియు నేరముమోపెను. మొదటి యాక్షేపమునకు క్రాఫర్డు ప్రత్యుత్తరము చెప్పఁగలవాఁడే. ఆ హత్యలో నతఁడు లేఁడు. కాని చంపినవారిలోఁ బలువురు తన సేనలో నుండిరనుట సత్యము. వారి నాయకుఁడు తన యుపనాయకుఁడనుటయు సత్యము. రెండవదానికిఁ బ్రత్యుత్తరము లేదు. ముఖమునకు నల్లరంగు పూసిరి, అది మరణచిహ్నము. సైమను గర్టీ యనువాఁడు, తెల్లవాఁడయ్యు చిన్ననాఁట సెనెకాలలోఁ బెరిగి ఆంగ్లేయపక్షమును జేరినవాఁడు, అచ్చట నుండెను. క్రాఫర్డు బాధ నోర్వలేక తన్నుఁ దుపాకితోఁ గాల్చుమని వానిని వేఁడుకొనెననియు, వాఁడు కాల్చలేదనియు నైటు వ్రాసెను. కాల్చియుండినచో గర్టీ ప్రాణము నిలుచునా యను ప్రశ్నను వానిని నిందించిన కవులును కథకులును వేసికొనలేదు. దహనవివరములను నేను వ్రాయను. చదువవలెననువారికిఁ గావలసినన్ని పుస్తకములు గలవు.

నైటును షానీల గ్రామమునకుఁ దీసికొనిపోవుచుండఁగా నతఁడు కావలివానిని గొట్టి పాఱిపోయి, ఆకులును పచ్చికాయలును దినుచు నడచి, జూలై 4 వ తేదిని పిట్టు దుర్గమును జేరెను. అతఁడు వ్రాసిన వృత్తాంతమును హ్యూ హెన్రీ బ్రాకెన్‌రిడ్జి యను న్యాయవాది సవరించి 1783 లోఁ బ్రకటింపించెను. ఈ సవరణమే మన విచారణవిషయము. విచారణసభ జరిగిన భాగమును, గ్నాడెన్‌హుట్టెను ప్రసంగమును అందుఁ గానరావు. పార్కరు బ్రౌనను పరిశోధకుఁడు 1980 ల ప్రాంతమున సమకాలికుల లేఖలతోను ఇతరసాక్ష్యములతోను బోల్చి ఈ లోపమును వెల్లడించెను. పిట్టు దుర్గమునుండి ఇర్విను ఆ జూలైలోనే వాషింగ్టనునకు వ్రాసిన లేఖలో క్రాఫర్డు మరణమునకు మొరేవియనుల హత్యయే కారణమని స్పష్టముగాఁ గలదు. అనఁగా ఆనాఁడు తెలియని విషయము కాదు. అచ్చులోఁ దెలియనీయని విషయము.

వ్యాకరణశాస్త్రమున హేత్వర్థమునఁ దృతీయ విధింపఁబడినది. వాక్యమునుండి ఆ పదమును దీసివేసినను వాక్యము వ్యాకరణమునకు లోపము లేక నిలుచును. అర్థము మాత్రము మాఱును. బ్రాకెన్‌రిడ్జి చేసిన పని యిదియే. చంపినవాఁడు, చంపఁబడినవాఁడు, సాధనము, స్థలము, అన్నియు నిలిచినవి, హేతువు పోయినది. ఏల తీసివేసెనో ఊహింప నక్కఱలేదు. పుస్తకమున కనుబంధముగాఁ దానే వ్రాసిన లేఖయందు ఆదిమజాతులవారిని మృగములుగాఁ బేర్కొని, నేలను దున్ననివారికి నేలపై హక్కు లేదని వాదించి, వారిని నిర్మూలింపవలసినదే యని సూచించెను. భూమి కావలసినవానికిఁ దొలుత పాఠము కావలసివచ్చినది.

విపరీతదిశయందుఁ గూడ జాగ్రత్త అవసరము. మొరేవియను బోధకుఁడు హెకెవెల్డరు 1819 లోఁ బ్రకటించిన గ్రంథమున, వింగెనుండు అను డెలావేరునాయకునికిని క్రాఫర్డునకును జరిగినట్లు హృదయద్రావకమగు సంభాషణము కలదు. విలియమ్సనుతోఁ గూడి రాకుండినచో నిన్ను రక్షింపఁగలిగియుందును, ఇపుడశక్యమని ఆ నాయకుఁడు కన్నీరు గార్చెనఁట. హెకెవెల్డరు అచ్చట లేఁడు. వ్రాసినది చాల యేండ్లకు. భావము యథార్థస్థితికి విరుద్ధము గాకపోయినను మాటలు మాత్రము వ్రాసినవానివే యని నా యభిప్రాయము. భారతమునఁ గర్ణునికిని కృష్ణునికిని జరిగిన సంభాషణమును జరిత్రగాఁ జదువనివారు దీనిని మాత్రమేల యట్లు చదువవలయును? పైపు వాదమునకు బలము ఇర్విను లేఖవంటి శుష్కసాక్ష్యములవలననే కలుగును.

వాషింగ్టను వార్త విని మిక్కిలి దుఃఖించెను. ఆగస్టులో ఇర్వినునకు వ్రాయుచు, ఇట్టి సమయమున నెవ్వఁడును ప్రాణముతోఁ బట్టుపడరాదని సలహా చెప్పెను. 1783 సంధిలో ఇంగ్లాండు, ఒహాయోకు రెండువైపుల నేలయంతయు అమెరికాకు విడిచెను. ఆ సంధిపత్రమున ఆదిమజాతుల ప్రసక్తియే లేదు. మఱల స్వత్వములేని దానము.

క్రాఫర్డు భార్య హానా 1817 వఱకు జీవించెను. వాషింగ్టనుకొఱకు అతఁడు కొలిచిన భూములు మాత్రము కొలిచినవానికంటెఁ బదిలముగా నిలిచెను. 1784 లో వాషింగ్టను మిల్లరువాఁగుకడ నున్న తన 2,813 ఎకరముల ఖండమును జూడఁబోఁగా, అందుఁ బదుమూఁడు కుటుంబములకుఁ జెందినవారు చెట్లు నఱికి సేద్యము చేసికొని యుండిరి. తాము దున్నిన నేల తమదే యనిరి. బ్రాకెన్‌రిడ్జి చూపిన న్యాయమునుబట్టి వారి మాటయే చెల్లవలయును! వాషింగ్టను వ్యాజ్యము వేసెను. 1786 అక్టోబరులో న్యాయస్థానము, నాలుగేండ్లకు ముందు టైమాక్టీకడఁ గాలిపోయినవాఁడు తీసిన కొలతను ఆధారముచేసికొన్న పట్టానే నిలిపి, వారిని ఖాళీచేయుమనెను. 1796 లో వాషింగ్టను ఆ భూమి నమ్మివేసెను. పెన్సిల్వేనియాలోను ఒహాయోలోను ఒక్కొక్క మండలమునకుఁ గ్రాఫర్డు పేరు పెట్టిరి. అతనితోఁ బోరిన వయండాటులు సాండస్కీతీరమున మఱి యఱువదియేండ్లు నిలిచి, 1842 సంధిచే మిగిలిన నేలనుగూడ విడిచి, 1843 జూలైలో బండ్లపైఁ బశ్చిమమునకుఁ దరలిపోయిరి. ఒహాయోరాష్ట్రమును విడిచిన ఆదిమజాతులలోఁ గడపటివారు వారే.